అంకెల్లో కోట, గ్రూపులో దండు: బురుజుల ఆట నడిపే పద్ధతి, ఆడే పద్ధతి

టవర్ డిఫెన్స్ అనగానే ఫోన్ తెర మీద పరుగెత్తే రంగుల బొమ్మలు గుర్తొస్తాయి. ఆటలోని అసలు సరుకు మాత్రం బొమ్మల్లో లేదు. ఒక బాట, దాని మీద నడిచొచ్చే దండు, పక్కన కట్టే బురుజులు, చేతిలో చాలీచాలని డబ్బు. ఈ నాలుగింటినీ అంకెల్లో చెప్పెయ్యొచ్చు. కాబట్టి ఏ యాప్ దించుకోకుండా, ఒక్క వరుస ప్రోగ్రాం రాయకుండా, వాట్సాప్ గ్రూపులోనో టెలిగ్రామ్ గ్రూపులోనో మెసేజ్‌లతోనే ఈ ఆట నడపొచ్చు. కావలసింది ఒక హోస్ట్, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఆటగాళ్లు, హోస్ట్ దగ్గర ఒక గళ్ల లెక్కల పుస్తకం. పాచికలు అక్కర్లేదు. ఇక్కడ అదృష్టానికి చోటు లేదు, లెక్క ఒక్కటే. ఈ ఆటకు అందం అదే.

కింద ఇచ్చిన పటం, ధరలు, బలాలు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కట్టినవి. మొదటిసారి వీటిని మార్చకుండా ఆడండి. ఒక్క అంకె కదిపినా ఎక్కడెక్కడ ఏం మారుతుందో కొంత ఆడాక గానీ తెలియదు.

పటం

ఏడు అడ్డు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు. చుక్క ఉన్నది ఖాళీ గడి, అక్కడ బురుజు కట్టుకోవచ్చు. జల్లెడ గుర్తు ఉన్నది బాట, అక్కడ ఏదీ కట్టకూడదు. చివరన ఉన్న చుట్ట గుర్తు కోట గుమ్మం.

```
  123456789
1 .........
2 #######..
3 ......#..
4 ..#####..
5 ..#......
6 ..######@
7 .........
```

ప్రతి గడికీ రెండంకెల పేరు. ముందు అడ్డు వరుస, తర్వాత నిలువు వరుస. 36 అంటే మూడో వరుసలో ఆరో గడి. పేర్లకు అంకెలే వాడటానికి కారణం ఉంది. ఒకరు తెలుగు కీబోర్డులో కొడతారు, ఇంకొకరు ఇంగ్లీషు కీబోర్డులో కొడతారు; అంకె మాత్రం అందరికీ ఒకేలా పడుతుంది.

దండ్లు ఐదు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి దండూ 21 గడి దగ్గర లోపలికి వస్తుంది. రెండో వరుసలో 27 దాకా నడిచి, 37 మీదుగా 47కు దిగి, వెనక్కి తిరిగి 43 దాకా వచ్చి, 53 మీదుగా 63కు దిగి, అక్కణ్నుంచి నేరుగా 69లో ఉన్న గుమ్మానికి పోతుంది. ఈ బాట గళ్లకు వరుసగా రాళ్ల నంబర్లు వేసుకోండి, మైలురాళ్లలాగా. 21 గడి 1వ రాయి, 27 గడి 7వ రాయి, 37 గడి 8, 47 గడి 9, 43 గడి 13, 53 గడి 14, 63 గడి 15, 68 గడి 20. గుమ్మం 21వ రాయి. హోస్ట్ పుస్తకం మొదటి పేజీలో ఈ పట్టిక లేకపోతే ఆట నడవదు. దండు ఎక్కడుందో చెప్పేటప్పుడు ఎప్పుడూ రాయి నంబరే చెప్పాలి, బురుజు ఎక్కడుందో చెప్పేటప్పుడు ఎప్పుడూ గడి పేరే చెప్పాలి. ఈ రెండూ కలగలిసిపోతే మూడో దండు నాటికి లెక్క చేయి దాటిపోతుంది.

బురుజులు, దండు

విల్లు బురుజు ధర 20 వరహాలు. చూపు 1, అంటే తన చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లు. ప్రతి వంతులోనూ, అంటే దండు కదిలిన ప్రతిసారీ, ఒకరి మీద ఒక బాణం వేస్తుంది, దెబ్బ 2.

ఫిరంగి ధర 50 వరహాలు. చూపు 2, అంటే చుట్టూ రెండేసి గళ్ల మేర చదరం. సరి సంఖ్య వంతుల్లోనే పేలుతుంది. దెబ్బ 4, ఆ రాయి మీద ఎంతమంది ఉంటే అంతమందికీ తగులుతుంది.

బురద గుంట ధర 30 వరహాలు. చూపు 1. ఎవరినీ కొట్టదు. దాని చూపులో ఉన్న రాయి నుంచి బయలుదేరేవారు ఎవరైనా ఆ వంతులో ఒక్క రాయే నడుస్తారు.

ఎదురుగా వచ్చేది మూడు రకాలు. కాల్బంటు: బలం 8, వంతుకు ఒక రాయి నడక, చంపితే 4 వరహాలు. గుర్రం: బలం 10, వంతుకు రెండు రాళ్లు, చంపితే 6. ఏనుగు: బలం 40, వంతుకు ఒక రాయి, చంపితే 20. కోటకు 10 ప్రాణాలు. బంటు గానీ గుర్రం గానీ గుమ్మం చేరితే ఒక ప్రాణం పోతుంది, ఏనుగు చేరితే ఐదు పోతాయి. గోల్కొండ ఫతే దర్వాజా తలుపులకు ఇనుప మేకులు దిగేసింది ఏనుగుల కోసమే. ఆటలో కూడా ఏనుగుకు ఆ మాత్రం మర్యాద ఉండాలి.

మొదట చేతిలో 60 వరహాలు. ప్రతి దండు ముగిశాక 10 వరహాలు అదనం. కట్టిన బురుజు అమ్మితే సగం ధరే వస్తుంది. పూర్తి ధర వాపసు ఇచ్చారంటే ప్రతి దండుకూ పాతవన్నీ పీకేసి కొత్తగా కట్టుకుంటారు. అప్పుడు ముందుచూపుకు విలువ ఉండదు.

ఒక్క వంతులో ఏం జరుగుతుంది

ఆట మొత్తం నిలబడేది ఈ వరుస మీదే: ముందు నడక, తర్వాత కాల్పు, ఆ తర్వాత లెక్క. అందరూ నడిచాకే బురుజులు పేలతాయి. బురుజులు కట్టిన వరుసలో ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. ప్రతి బురుజూ తన చూపులో గుమ్మానికి అందరికంటే దగ్గరగా ఉన్నవారినే కొడుతుంది. ముందు బురుజు చంపేసిన వాడి మీద తర్వాతి బురుజు బాణం వృథా చేయదు, వెనకున్న వాణ్ని చూసుకుంటుంది. ఒకే రాయి మీద ఇద్దరుంటే హోస్ట్ వేసిన వరుస నంబరు తక్కువగా ఉన్నవాడికి దెబ్బ.

అన్ని బురుజులూ ఒకేసారి పేలినట్టు లెక్క వేస్తే 4 బలం మిగిలిన ఒకే బంటు మీద నాలుగు బాణాలు పడి రెండు వృథా అవుతాయి. అదీ ఒక పద్ధతే, తప్పేం కాదు. కాకపోతే ఒక రోజు అలా, ఇంకో రోజు ఇలా వేస్తేనే గొడవ. వరుసగా పేల్చే పద్ధతిలో చేత్తో లెక్క కట్టడం తేలిక కాబట్టి దాన్నే పట్టుకోండి.

మొదటి దండును లెక్క కట్టి చూద్దాం

మొదటి దండులో ఐదుగురు కాల్బంట్లు, వంతుకు ఒకరు చొప్పున లోపలికి వస్తారు. వీరిని అ, ఆ, ఇ, ఈ, ఉ అందాం. 'అ' మొదటి వంతులో 1వ రాయి మీదికి వస్తాడు, 'ఆ' అనేవాడు రెండో వంతులో, అలా.

ఆటగాడు 36లో ఒక విల్లు, 54లో ఒక విల్లు కట్టాడు. ఖర్చు 40. 36 విల్లు 5వ రాయి నుంచి 11 దాకా ఏడు రాళ్లు చూస్తుంది. 54 విల్లు 11 నుంచి 17 దాకా ఏడు చూస్తుంది.

ఐదో వంతులో అ 5వ రాయి మీదికి వస్తాడు. 5, 6, 7, 8 వంతుల్లో నాలుగు బాణాలు, ఎనిమిది దెబ్బ, అ పడిపోయాడు. 9 నుంచి 12 దాకా నాలుగు బాణాలు 'ఆ' మీద. పన్నెండో వంతులో 36 విల్లు చూపు అంచున, 11వ రాయి మీద 'ఆ' కూడా పడిపోయాడు. ఇక్కణ్నుంచి జాగ్రత్తగా చూడండి.

13వ వంతు: ఇ 11వ రాయి మీద ఉన్నాడు, రెండు విల్లులూ కొడతాయి. బలం 8 నుంచి 4కు.
14వ వంతు: 36 విల్లు 'ఈ' మీద ఒకటి (6 మిగిలింది), 54 విల్లు ఇ మీద ఒకటి (2 మిగిలింది).
15వ వంతు: 36 విల్లు ఉ మీద ఒకటి (6 మిగిలింది), 54 విల్లు ఇ మీద ఒకటి, ఇ పడ్డాడు.
16, 17, 18 వంతులు: 54 విల్లు 'ఈ' మీద మూడు, 'ఈ' పడ్డాడు.
19, 20, 21 వంతులు: 54 విల్లు ఉ మీద మూడు. ఉ 17వ రాయి మీద, విల్లు చూపులోని ఆఖరి రాయి మీద పడ్డాడు.

ఐదుగురూ పోయారు. ఒక్క బాణం కూడా మిగులు లేదు. ఇదే దండులో ఆరో బంటు ఉండి ఉంటే పదహారో వంతులో 36 విల్లు నుంచి ఒక దెబ్బ, ఇరవై రెండో వంతులో 54 విల్లు నుంచి ఒక దెబ్బ తిని, 4 బలంతో గుమ్మం దాటేసేవాడు. ఐదుకూ ఆరుకూ మధ్య అంత తేడా ఉంది. హోస్ట్ కొత్త దండు తయారుచేసేటప్పుడు "ఇంకొక్కడే కదా" అనుకోకూడదు.

ఈ చిన్న లెక్క హోస్ట్ తప్పకుండా ఒకసారి చేత్తో వేసి చూసుకోవాలి. 21వ వంతులో ఉ పడకపోతే ఎక్కడో నడకకు ముందే కాల్పు వేశారన్నమాట, లేదా 1వ రాయి బదులు సున్నా నుంచి మొదలుపెట్టారన్నమాట. కొత్త హోస్టులు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండే.

ఎక్కడ కట్టాలి

బురుజు విలువ దాని ధరలో ఉండదు, అది చూసే రాళ్ల సంఖ్యలో ఉంటుంది. పటం రాగానే ఆటగాడు చేయాల్సిన మొదటి పని డబ్బు లెక్క కాదు, చూపుల లెక్క.

పై పటంలో 14 గడిలో విల్లు కట్టారనుకోండి. అది 3, 4, 5 రాళ్లను మాత్రమే చూస్తుంది. ఒక బంటుకు మహా అయితే మూడు బాణాలు, ఆరు దెబ్బ. బంటు బలం ఎనిమిది. అంటే ఆ విల్లు ఒక్కటే ఉంటే దండు మొత్తంలో ఒక్కడు కూడా చావడు. 38 గడీ అంతే, 52 గడీ అంతే, మూడేసి రాళ్లు. బాటకు బయటివైపు కట్టేవన్నీ ఇంతే. 36, 54 గళ్లు మలుపు లోపలి మూలల్లో ఉన్నాయి కాబట్టి ఏడేసి రాళ్లు చూస్తాయి. అదే 20 వరహాలు, రెండింతలకు మించిన పని. 34, 35, 55 గళ్లు రెండు వరుసల బాట మధ్య ఉన్నాయి కాబట్టి ఆరేసి చూస్తాయి.

ఫిరంగి సంగతి వేరు. దాని చూపు పెద్దది కాబట్టి మూలలో పెడితే సగం చూపు ఖాళీ గళ్ల మీద పోతుంది. 36లో ఫిరంగి పెడితే తొమ్మిది రాళ్లే చూస్తుంది. ఒక గడి పక్కకు జరిపి 35లో పెడితే 3 నుంచి 14 దాకా పన్నెండు చూస్తుంది. 55లోనూ పన్నెండే, 8 నుంచి 19 దాకా. విల్లుకు మూల మంచిది, ఫిరంగికి మధ్య మంచిది. ఈ ఒక్క మాట తెలియక 36లో ముందే ఫిరంగి కట్టేసి, విల్లుకు మంచి చోటు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

కోటలు కట్టినవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. గోల్కొండలో బాలా హిస్సార్ గుమ్మం ముందు అడ్డుగోడ లేపింది లోపలికి దూసుకొచ్చేవాణ్ని తిప్పడానికే. తిరిగినవాడు నెమ్మదిస్తాడు, పైన గోడ మీదున్నవాడికి రెండోసారి దొరుకుతాడు. మన పటంలోని రెండు మలుపులూ అదే పని చేస్తాయి.

మొదటి 60 వరహాలతో ఫిరంగి కొనాలనే ఆశ చాలామందికి పుడుతుంది. కొని 55లో పెట్టి చూడండి. ఐదుగురు బంట్లలో నలుగురిని చంపుతుంది, రెండేసి గుండ్లకు ఒకడు చొప్పున. ఐదోవాడికి గీత కూడా పడదు, గుమ్మం చేరతాడు. 40 వరహాల రెండు విల్లులు ఐదుగురినీ ఆపాయి. విడివిడిగా వచ్చేవాళ్ల మీద ఫిరంగి దండగ.

గుర్రాలు, గుంపులు, ఏనుగు

రెండో దండులో ఎనిమిదిమంది బంట్లు, వంతుకు ఒకరు. మూడో విల్లు 34లో కట్టుకోవచ్చు. ఇది 3, 4, 5 రాళ్లు, మళ్లీ 11, 12, 13 రాళ్లు చూస్తుంది. రెండుసార్లు అవకాశం.

మూడో దండులో మూడు గుర్రాలు, వంతుకు ఒకటి. ఇక్కడే చాలా కోటలు కంగుతింటాయి. గుర్రం మొదటి వంతులోనే 2వ రాయి మీదికి వచ్చి, అక్కణ్నుంచి రాయి విడిచి రాయి మీద అడుగేస్తుంది కాబట్టి 36 విల్లుకు 6, 8, 10 రాళ్ల మీద మాత్రమే దొరుకుతుంది. ఏడు బాణాలు మూడైపోయాయి. రెండు విల్లులే ఉంటే మొదటి గుర్రం 14వ రాయి మీద పడుతుంది గానీ, దాని వెనకే వచ్చిన రెండోది 4 బలంతో దాటేస్తుంది.

దీనికి మందు ఇంకో విల్లు కాదు, బురద. 35లో గుంట తవ్వితే అది 4, 5, 6 రాళ్లనూ 10, 11, 12 రాళ్లనూ పట్టుకుంటుంది. అప్పుడు గుర్రం నడక 2, 4, 5, 6, 7, 9, 11, 12, 13, 15 ఇలా సాగుతుంది. 36 విల్లుకు మూడు బదులు ఐదు బాణాలు, సరిగ్గా పది దెబ్బ, సరిగ్గా ఒక గుర్రం. 36, 54, 34 విల్లులు ఆ వరుసలోనే కట్టి 35లో గుంట తవ్వితే మూడో గుర్రం కూడా పదో వంతులో 12వ రాయి మీద పడిపోతుంది. ఖర్చు మొత్తం 90. అప్పటికి ఒక్కరినీ దాటనీయని కోటకు మొత్తం 132 వరహాలు అంది ఉంటాయి కాబట్టి ఇది అందరికీ అందుబాటులో ఉన్నదే.

బురదలో వచ్చే తగువు ఒకటుంది. గుర్రం 9 నుంచి 11కు దూకేటప్పుడు మధ్యలో ఉన్న 10వ రాయి బురదలోదే కదా, ఆగాలి కదా అంటారు. ఆగదు. బయలుదేరే రాయి బురదలో ఉందా లేదా అన్నదే లెక్క. ఈ మాట నియమాల్లో ముందే రాయండి. ఇంకొకటి: బంటూ ఏనుగూ ఎలాగూ ఒక్క రాయే నడుస్తాయి కాబట్టి బురద వాళ్లను ఏమీ చేయదు. గుర్రాలు రాని దండుకు గుంట తవ్వితే 30 వరహాలు మట్టిలో పోసినట్టే.

నాలుగో దండు గుంపులది. ముగ్గురేసి బంట్లు కలిసి ఒకే రాయి మీద నడుస్తారు. మొదటి గుంపు ఒకటో వంతులో, రెండోది మూడో వంతులో, మూడోది ఐదో వంతులో లోపలికి వస్తుంది. ఫిరంగికి పండగ ఇదే. 55లో ఉన్న ఒక్క ఫిరంగి మొదటి గుంపును 8, 10 రాళ్ల మీద, రెండో గుంపును 10, 12 రాళ్ల మీద, మూడో గుంపును 12, 14 రాళ్ల మీద కొట్టి ఆరు గుండ్లలో తొమ్మిదిమందినీ పడగొడుతుంది. ఇదే దండు మీద 36 విల్లు ఒక్కటే ఉంటే పదకొండు బాణాలు వేసి ఒకే ఒక్కణ్ని చంపుతుంది. మిగతా బాణాలు ముగ్గురి మీద తలా కాసిని పడి ఎవరినీ ముగించవు.

ఐదో దండు ఏనుగుది. ఒంటరి ఏనుగుకు 36, 54 విల్లులు కలిసి 28 దెబ్బ వేస్తాయి, 34 విల్లు 12 వేస్తుంది. 40 సరిపోయింది. 55 ఫిరంగి ఉంటే ఇంకో 24. అంటే ఒంటరి ఏనుగు పెద్ద సమస్యే కాదు. కాబట్టి హోస్ట్ ఏనుగును ఒంటరిగా పంపకూడదు. ముందు నలుగురు బంట్లను నడిపించి, ఐదో వంతులో ఏనుగును దింపాలి. బురుజులు ముందున్న వాణ్నే కొడతాయి కాబట్టి ఆ నలుగురు ఏనుగుకు డాలవుతారు. బాణాలన్నీ వాళ్ల మీద పోతుంటే ఏనుగు వెనకాల నిక్షేపంగా నడిచొస్తుంది. దీనికి విరుగుడు బాట మొదట్లోనే బంట్లను తీసేయడం: 5వ రాయి లోపు పనిచేసే విల్లు ఇంకొకటి కావాలి, చూపు తక్కువైనా సరే. ఇంతకుముందు వద్దన్న 14 గడి ఇక్కడ పనికొస్తుంది. గడి మంచిదా చెడ్డదా అన్నది వచ్చే దండును బట్టి మారుతుంది.

ఎవ్వరినీ దాటనీయకుండా ఆడితే ఒక్కో దండుకు ముందు అప్పటిదాకా అందే మొత్తం 60, 90, 132, 160, 206 వరహాలు. హోస్ట్ ఈ అంకెల్ని దగ్గర పెట్టుకోవాలి. బురుజులేవీ అమ్మకుండానే ఎవరైనా ఇంతకు మించి ఖర్చు పెట్టినట్టు కనిపిస్తే కూడికలో తప్పు దొర్లిందన్నమాట.

గ్రూపులో నడపడం

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఎవరి కోట వారిదే: అందరికీ ఒకే పటం, ఒకే దండు, చివరకు ఎవరి ప్రాణాలు ఎక్కువ మిగిలితే వారు గెలిచినట్టు. రెండు, అందరిదీ ఒకే కోట. మొదటిదానిలో హోస్ట్‌కు పని ఎక్కువ. ఆరుగురు ఆడితే ఆరు లెక్కలు. రెండోదానిలో కబుర్లు ఎక్కువ, సరదా ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవారికి రెండోదే మంచిది.

ఒకే కోట అయితే డబ్బు ఎలా పంచాలన్నది తేల్చుకోండి. చంపిన బురుజు యజమానికే వరహాలు అంటే అందరూ ఆఖరి దెబ్బ కోసం 54 చుట్టూ మూగుతారు, ముందు నుంచి కష్టపడ్డ 36 యజమానికి ఏమీ దక్కదు. స్నేహాలు చెడేది ఇక్కడే. వచ్చింది అందరికీ సమంగా పంచి, మిగిలిన ఒకటీ రెండూ ఉమ్మడి ఖజానాలో వేయండి. పెద్ద ఖర్చుకు, అంటే ఫిరంగికి, గ్రూపులో పోల్ పెట్టండి.

రోజుకు ఒక దండు చాలు. రాత్రి 9కి హోస్ట్ రాబోయే దండు ఏమిటో చెబుతాడు. మర్నాడు రాత్రి 8 దాకా ఆటగాళ్లు ఆజ్ఞలు పంపుతారు. 8 నుంచి 9 దాకా హోస్ట్ లెక్క వేసి ఫలితం పెడతాడు, వెంటనే తర్వాతి దండు చెబుతాడు. ఆజ్ఞ ఇలా ఒక్క వరుసలో ఉండాలి: "కట్టు విల్లు 36", "కట్టు ఫిరంగి 55", "అమ్ము 14". ఏమీ చేయనివారు "ఆపు" అని పెట్టాలి, లేకపోతే మరిచిపోయారో కావాలనే ఊరుకున్నారో తెలియదు. ఇద్దరు ఒకే గడి అడిగితే ముందు వచ్చిన మెసేజ్‌కే ఆ గడి, రెండోవారి డబ్బు వారి దగ్గరే ఉంటుంది.

గ్రూపులో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారుంటే గడువు ఎప్పుడూ భారత సమయంలోనే రాయండి. అక్కడ మార్చిలో గడియారాలు గంట ముందుకు, నవంబరులో గంట వెనక్కు జరుగుతాయి. మన రాత్రి 8 డాలస్‌లో వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 8:30. గడియారం మారిన వారం ఒక్కరైనా గడువు తప్పుతారు, ముందే గుర్తుచేయండి.

దిద్దిన మెసేజ్ చెల్లదు. ఈ నియమం కఠినంగా అనిపించినా తప్పదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ను 15 నిమిషాల దాకా, టెలిగ్రామ్‌లో ఇంకా చాలాసేపటి దాకా మార్చుకునే వీలుంది. గడువు దాటాక 36ను 35గా మార్చినా ముందు ఏముందో చాట్‌లో కనిపించదు, మార్చారన్న గుర్తు మాత్రమే కనిపిస్తుంది. మనసు మార్చుకున్నవారు కొత్త మెసేజ్ పెట్టాలి. గడువులోపు వచ్చిన ఆఖరి మెసేజే లెక్క.

తెర మీద పటం చెదరకుండా

పటానికి ముందు మూడు, తర్వాత మూడు బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టండి. అప్పుడు వాట్సాప్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ అక్షరాలన్నీ ఒకే వెడల్పుతో వస్తాయి, గళ్లు ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి. అలా పెట్టకపోతే చుక్క సన్నగా, జల్లెడ గుర్తు లావుగా పడి బాట వంకర పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: నక్షత్రం గుర్తుల మధ్య ఉన్నదాన్ని వాట్సాప్ లావు అక్షరాలుగా మార్చేసి ఆ గుర్తుల్ని మింగేస్తుంది. అడుగు గీతల మధ్య ఉన్నదాన్ని వాలు అక్షరాలు చేస్తుంది. పటంలో ఆ గుర్తులు వాడకపోవడమే మేలు.

పటం లోపల తెలుగు అక్షరాలు పెట్టకండి. విల్లుకు "వి", ఫిరంగికి "ఫి" అని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సమాన వెడల్పు ఫాంటులో సాధారణంగా తెలుగు ఉండదు. ఫోన్ ఆ ఒక్క అక్షరానికి వేరే ఫాంటు తెచ్చుకుంటుంది, దాని వెడల్పు వేరు, ఆ వరుస మొత్తం పక్కకు జరిగిపోతుంది. మన అక్షరాలు అసలే ఒక్కోటి ఒక్కో వెడల్పు. విల్లుకు 1, ఫిరంగికి 2, బురదకు 3 అని పటంలో అంకెలు వేసి, వివరం పటం కింద తెలుగులో రాయండి. పటం వెడల్పు మనదిలా పదకొండు అక్షరాలైతే ఏ ఫోన్‌లోనైనా పడుతుంది. పెద్ద పటాల మీద మోజుతో ముప్పై దాటారంటే చిన్న ఫోన్లలో వరుస విరిగి కిందికి జారుతుంది.

నియమాల మెసేజ్‌ను వాట్సాప్‌లో 30 రోజులకు పిన్ చేయండి. దానిలోనే రాళ్ల పట్టిక, ప్రతి మంచి గడి చూపు కూడా మాటల్లో ఇవ్వండి: "36 విల్లు: 5 నుంచి 11", "54 విల్లు: 11 నుంచి 17" అని. ఇది అందరికీ ఉపయోగమే గానీ, కళ్లు కనిపించని ఆటగాళ్లకు ఇదే ఆట. తెర మీదున్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడేవారికి పటం చదివిస్తే వరసగా గుర్తుల పేర్లు వినిపిస్తాయి తప్ప బాట కనిపించదు. అదే రాళ్ల జాబితా ఇస్తే మిగతావాళ్లతో సరిసమానంగా ఆడతారు. బొమ్మల ఆటల్లో వారికి దొరకని చోటు ఈ ఆటలో దొరుకుతుంది. పటం పెట్టి జాబితా మరిచిపోయే హోస్ట్ ఆ తలుపు మూసేసినట్టే.

లెక్క వేసే పేజీ

గళ్ల పుస్తకంలో పేజీ అడ్డంగా తిప్పండి. ఎడమ అంచున వంతుల నంబర్లు కిందికి, పైన ఒక్కో బంటుకు ఒక్కో నిలువు వరుస. ప్రతి గడిలో పైన రాయి నంబరు, కింద మిగిలిన బలం. బంటు ఉన్న రాయి అంటే వంతు సంఖ్యలోంచి వాడు వచ్చిన వంతు తీసేసి ఒకటి కలపడమే. రాళ్లన్నీ ముందే నింపేసి, తర్వాత కాల్పులు ఒక్కో వంతుకూ వేసుకుంటూ దిగండి. గుర్రాలకు మాత్రం ముందే నింపకండి, బురద వల్ల నడక మారుతుంది. వంతు వంతుకూ చూసుకోవాలి. స్ప్రెడ్‌షీట్ వాడేవారు కూడా మొదటి రెండు దండ్లూ చేత్తోనే వేసి, ఆ జవాబుతో షీట్ జవాబు సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ఫలితం పెట్టేటప్పుడు "ముగ్గురు దాటారు" అని ఊరుకోకుండా ఎవరు ఏ వంతులో ఏ రాయి మీద పడ్డారో రాయండి. పది వరుసలకు మించదు. ఎవరైనా తప్పు పట్టుకుంటే, తర్వాతి దండు ఆజ్ఞలు ఇంకా మొదలవకపోతే దిద్దండి. మొదలైతే ఫలితాన్ని అలాగే ఉంచి, నష్టపోయినవారికి ఆ బంటు వరహాలు ఇచ్చేయండి. వెనక్కి వెళ్లి మొత్తం తిరగతోడితే ఆ రోజు ఆట అక్కడే ఆగిపోతుంది.

ఐదు దండ్లూ ఓడించిన గ్రూపుకు ఆరోది కావాలంటే బంట్ల సంఖ్య పెంచకండి, బలం పెంచండి. బంటు బలం 8 నుంచి 9కి పెంచితే చాలు. నాలుగు బాణాలకు పడేవాడు ఐదు అడుగుతాడు, రెండు గుండ్లకు పడేవాడు మూడు అడుగుతాడు. హోస్ట్ పేజీ మాత్రం అంతే ఉంటుంది.